సెనెకా ఉత్తరాల రాతప్రతి 88 దగ్గర ఆగిపోతే మిగతా 36 ఏమైనట్టు?

ప్రశ్న చాలా పొడవుగా ఉంది కాబట్టి, చదివేవాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. యూరప్‌లోని ఒక గ్రంథాలయం స్కాన్ చేసి పెట్టిన సెనెకా ఉత్తరాల తోలు రాతప్రతిని మీరు చూశారు. కేటలాగు దాన్ని 12వ శతాబ్దానిదంటోంది. అచ్చు పుస్తకంలో 124 ఉత్తరాలుంటే ఇందులో 88 మాత్రమే ఉన్నాయి. వాటి తర్వాత సెనెకాకీ సెయింట్ పాల్‌కీ మధ్య నడిచిన ఉత్తరాలు కనిపించాయి, మీ అచ్చు పుస్తకంలో వాటి ఊసే లేదు. మొదటి ఉత్తరంలోనే అచ్చుకీ ప్రతికీ మాటలు కలవడం లేదు. పుస్తకం సగం చిరిగిపోయిందా, రాసినవాడు తప్పులు రాశాడా, దీన్ని నమ్మొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: చిరగలేదు, తొంభై పాళ్లు అది పూర్తి పుస్తకమే. 88 దగ్గర ఆగడం ఆ గ్రంథం మధ్యయుగాల్లో ప్రయాణించిన తీరు. పాల్ ఉత్తరాలు ఎవరో కల్పించినవి, కానీ ఆ కాలపు ప్రతిలో అవి ఉండటం మామూలే. మాటల తేడా విషయానికొస్తే, తప్పు మీ ప్రతిదే అయి ఉండాలని లేదు.

నేను లాటిన్ రాతప్రతుల కేటలాగు పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. అంతకుముందు కొంతకాలం మన తాళపత్రాలతో పని చేశాను. అందుకని పాఠాంతరం (మాటల తేడా), గ్రంథపాతం (పోయిన భాగం), ప్రక్షిప్తం (తర్వాత ఎవరో చేర్చినది) లాంటి మాటలు అలవాటుగా వచ్చేస్తాయి, ఏమనుకోకండి.

ముందు 88 సంగతి.

సెనెకా స్పెయిన్‌లోని కోర్డొబాలో పుట్టినవాడు, నీరో చక్రవర్తికి గురువు, మంత్రి లాంటివాడు. కొలువు నుంచి తప్పుకున్నాక, అంటే క్రీ.శ. 62 తర్వాత, లుసీలియస్ అనే మిత్రుడి పేర ఈ ఉత్తరాలు రాశాడు. 65లో నీరో ఆజ్ఞ మీద ప్రాణం తీసుకోవాల్సి వచ్చింది. ఉత్తరాలు మొదట్లో చిన్నచిన్న సంపుటాలుగా ఉండేవి. ఇప్పుడు మనకు మిగిలినవి 20 సంపుటాలు. రెండో శతాబ్దపు రచయిత ఔలుస్ గెల్లియుస్ 22వ సంపుటం నుంచి కొన్ని మాటలు ఎత్తి చూపాడు. అంటే అసలు సిసలు గ్రంథపాతం అక్కడుంది: 124వ ఉత్తరం తర్వాత ఉండాల్సినవి ఎవరి దగ్గరా లేవు. మీ అచ్చు పుస్తకమూ ఆ లెక్కన అసంపూర్ణమే.

ఆ 20 సంపుటాలను ప్రాచీన కాలం చివర్లో రెండు బైండు పుస్తకాలుగా విడదీసినట్టు ప్రతుల తీరు చెబుతోంది. మొదటి పుస్తకంలో 1 నుంచి 13 సంపుటాలు, అంటే 88వ ఉత్తరం దాకా. రెండోదాంట్లో 14 నుంచి 20, అంటే 89 నుంచి 124. అన్నీ ఒకే తోలు పుస్తకంలో పెడితే మోయలేనంత అవుతుంది కదా. విడదీసిన తర్వాత రెండూ వేర్వేరు దారుల్లో వెళ్లాయి. మొదటి సగం దొరికిన మఠంలో రెండో సగం ఉందన్న తెలివిడి కూడా ఉండకపోవచ్చు. మొదటి సగంలోనూ ఇంకో కోత ఉంది: 52తో ముగిసే ప్రతులూ, 53తో మొదలయ్యే ప్రతులూ ఉన్నాయి.

మొదటి సగానికి 9వ శతాబ్దం నుంచే మంచి సాక్ష్యాలు ఉన్నాయి. ఫ్లోరెన్స్‌లోని లారెన్షియన్ గ్రంథాలయంలో ఒకటి (1 నుంచి 65 వరకు), పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఒకటి (71 మధ్య వరకు). రెండో సగం చాలాకాలం జర్మనీ వైపే తిరిగింది. దానికి ఆధారాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ముఖ్యమైనది 9వ శతాబ్దపు బాంబెర్గ్ ప్రతి. దానికి జోడీగా స్ట్రాస్‌బూర్గ్‌లో ఇంకోటి ఉండేది. 1870 ఆగస్టు 24 రాత్రి, ప్రష్యన్ సైన్యం ఆ ఊరి మీద ఫిరంగులు పేల్చినప్పుడు గ్రంథాలయం మొత్తం తగలబడింది, ఆ ప్రతి బూడిదైపోయింది. అదృష్టం కొద్దీ ఫ్రాంట్స్ బ్యూఖెలర్ అనే పండితుడు అంతకుముందే దాని పాఠాలను పక్కపక్కన పెట్టి చూసి రాసుకున్నాడు. ఇప్పుడు అచ్చు పుస్తకాల అడుగున స్ట్రాస్‌బూర్గ్ పాఠం అని కనిపించేదంతా ఆయన నోట్సు పుణ్యమే. సరిపోల్చడం అనే పని ఎంత విసుగ్గా ఉన్నా నేను కుర్రాళ్ల చేత చేయిస్తూనే ఉంటాను. కారణం అడిగితే ఈ కథే చెబుతాను.

రెండు సగాలూ కలిసి ఉన్న పాత ప్రతి లేదా అంటే, ఒకటుంది. ఇటలీలోని బ్రెషా ఊరి క్వెరినియానా గ్రంథాలయంలో. 9వ శతాబ్దం చివరో 10వ శతాబ్దం మొదలో రాసినది, 120వ ఉత్తరం మధ్య దాకా ఉంది. దాని విలువను అకిల్లె బెల్ట్రామి 1913లో లోకానికి చెప్పేదాకా సంపాదకులు దాన్ని పట్టించుకోలేదు. మిగతావాళ్లకు రెండు సగాలూ కలిపి రాసుకోవడం 12వ శతాబ్దం నుంచే మెల్లగా అలవాటైంది. కాబట్టి 12వ శతాబ్దపు ప్రతి 88తో ఆగడంలో వింతేమీ లేదు. 15వ శతాబ్దపు ప్రతి అలా ఆగితే అప్పుడు నేను కాస్త కనుబొమ్మ ఎగరేస్తాను.

అయినా నా మాట నమ్మి ఊరుకోకండి, స్కాన్‌లోనే సరిచూసుకోవచ్చు.

మొదట చివరి వాక్యం చూడండి. 88వ ఉత్తరం విద్యల గురించి. వ్యాకరణం, సంగీతం, జ్యామితి మనిషిని మంచివాణ్ణి చేయగలవా అన్నది చర్చ. మధ్యయుగాల్లో దీన్ని విడిగా కూడా రాసుకుని చదివేవారు. చివర సెనెకా ఒక విసురు విసురుతాడు: మనకేమీ తెలియదని తేల్చినవాళ్ల మీద ఎక్కువ కోప్పడాలో, ఏమీ తెలియదన్న సంగతి కూడా మనకు మిగల్చనివాళ్ల మీద కోప్పడాలో చెప్పడం కష్టం అని. ఆ వెంటనే "వాలే", అంటే సెలవు. మీ ప్రతిలో ఆ "వాలే" ఉండి, దాని కింద ఎర్ర సిరాతో "ఎక్స్‌ప్లికిత్" అని మొదలయ్యే ముగింపు పంక్తి ఉంటే రాసినవాడు తన పని పూర్తి చేశాడన్నమాట. మన ఆశ్వాసాంత గద్య లాంటిదే. ఉత్తరం సంఖ్యను మాత్రం నమ్మకండి. శీర్షిక వదిలేయడం, రెండు ఉత్తరాలను ఒకటిగా కలిపేయడం సర్వసాధారణం, లెక్క అటూ ఇటూ అవుతుంది. ప్రారంభ వాక్యాలతోనే పోల్చుకోండి.

రెండోది, తోలు చూడండి. ఈ పుస్తకాలు సాధారణంగా నాలుగు జోడు ఆకులు మధ్యకు మడిచిన కట్టలుగా ఉంటాయి, కట్టకు ఎనిమిది ఆకులు. తోలుకు వెంట్రుకల వైపు కాస్త పసుపుగా, సన్నటి చుక్కలతో ఉంటుంది. మాంసం వైపు తెల్లగా, నున్నగా ఉంటుంది. కట్టేటప్పుడు పసుపు ముఖానికి పసుపు ముఖం, తెలుపుకు తెలుపు ఎదురయ్యేలా పెట్టేవారు. పుస్తకం తెరిచి పెట్టినట్టు రెండు పుటలను కలిపి చూపే స్కాన్ అయితే ఒక్కో జంటను చూసుకుంటూ వెళ్లండి. ఒకచోట పసుపు పక్కన తెలుపు వచ్చిందంటే మధ్యలో ఒక ఆకు పోయి ఉండొచ్చు. బ్రిటన్, ఐర్లండ్ పాత ప్రతుల్లో అమరిక వేరుగా ఉంటుంది, మీది యూరప్ ప్రధాన భూభాగపు ప్రతి అయితే ఈ లెక్క పనికొస్తుంది. ఒక్కోసారి స్కానర్ వెలుతురులో రెండు ముఖాలూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు కట్ట చివరి పుట అడుగున చిన్న అక్షరాల్లో తర్వాతి పుట మొదటి మాట రాసి ఉందేమో చూడండి. అది పక్క పుటతో కలిస్తే సరే, కలవకపోతే అనుమానించాలి.

ఒక ప్రతి విషయంలో నాకిలాగే ఎదురైంది. అమ్మకానికి వచ్చిన పుస్తకం, యజమాని దాన్ని "లోపభూయిష్టం, మధ్యలో ఆకులు పోయాయి" అని రాసుకున్నాడు. 40ల ఉత్తరాలు చదువుతుంటే నడుమ 50ల ఉత్తరం ముక్క వచ్చి పడుతోంది, మళ్లీ వెనక్కి వెళ్తోంది. తోలు రంగులు చూస్తూ పోతే విషయం తేలింది. ఆకులేవీ పోలేదు. తర్వాతెప్పుడో మళ్లీ బైండింగ్ చేసినవాడు ఒక కట్ట లోపలి జోడు ఆకును వేరే కట్టలో దోపి కుట్టేశాడు. లాటిన్ రాని బైండరు చేతిలో పడితే ఏ పుస్తకానికైనా ఈ గతి తప్పదు.

ఇక పాల్ ఉత్తరాలు. మొత్తం 14, సెనెకా పేర 8, పాల్ పేర 6. నాలుగో శతాబ్దంలో ఎవరో కల్పించి ఉంటారని పండితుల్లో ఎక్కువమంది మాట. చదివితే మీకూ అర్థమవుతుంది: సెనెకా వాక్యం కత్తిలా ఉంటుంది, వీటి వాక్యం తడిసిన గుడ్డలా ఉంటుంది. ఒక ఉత్తరంలో రోమ్ నగరం ఆరు రోజులు తగలబడిందనీ, 132 భవనాలు, 4000 ఇళ్ల సముదాయాలు కాలిపోయాయనీ లెక్క కూడా చెప్తారు. అబద్ధానికి అంకెలు తోడైతే బలం వస్తుందని ఆ రాసినవాడికీ తెలుసు.

మరి ఇవి ఎందుకు చేర్చారు? 392 ప్రాంతంలో జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు క్రైస్తవ రచయితల పట్టిక రాస్తూ అందులో సెనెకాకు ఒక చోటు ఇచ్చాడు. పాల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు లేకపోతే ఇతన్ని ఈ వరుసలో చేర్చేవాణ్ణి కాదు అని కారణం కూడా చెప్పాడు. అంతే, మఠాల తలుపులు తెరుచుకున్నాయి. ఆత్మహత్యను సమర్థించే మాటలున్న అన్యమత తాత్త్వికుణ్ణి మఠంలో కూర్చుని రాసుకోవడానికి ఇంతకంటే మంచి అనుమతిపత్రం ఏముంటుంది? మీ ప్రతి మొదట్లో కోర్డొబా, సోటియోన్ (సెనెకా గురువు) అనే పేర్లున్న చిన్న పేరా ఉందేమో చూడండి. ఉంటే అది జెరోమ్ రాసిన ముక్కే, ఉపోద్ఘాతంలా పెడతారు.

ఇంకో సరదా సంగతి. 8వ శతాబ్దం చివర్లో అల్కుయిన్ అనే పండితుడు ఈ పాల్–సెనెకా ఉత్తరాలను షార్లమేన్ చక్రవర్తికి కానుకగా పంపాడు. వాటితో పాటు జతచేసినది అలెగ్జాండర్‌కూ, బ్రాహ్మణుల రాజు దిందిముస్‌కూ మధ్య నడిచినట్టు చెప్పే ఉత్తరాలు. అవీ కల్పనే. యూరప్ చక్రవర్తి బల్ల మీద భారతదేశపు నీతిబోధకుడూ రోము నీతిబోధకుడూ దొంగ సంతకాలతో పక్కపక్కనే కూర్చున్నారన్నమాట. పాల్ ఉత్తరాలు సెనెకావి కావని ఎరాస్మస్ అనే పండితుడు తన 1529 బాసెల్ ముద్రణలో గట్టిగా కొట్టిపారేశాడు. మీ అచ్చు పుస్తకంలో అవి లేకపోవడానికి మూలం ఆ వాదనే. కానీ కేటలాగులో నేను వాటిని ఎప్పుడూ "అనవసర చేర్పు" అని రాయను. ఆ ప్రతిని చదివినవాళ్లకు సెనెకా అంటే ఆ 14 ఉత్తరాలు కూడా. ఒక్కోసారి ప్రతి ఏ శాఖదో, అంటే ఏ ప్రతుల కుటుంబానికి చెందిందో పట్టుకోవడానికి వెంట వచ్చిన ఇలాంటి చిల్లర రచనలే బాగా పనికొస్తాయి.

మాటల తేడా: ఎవరిది ఒప్పు?

మీరు చూపించిన వాక్యం మొదటి ఉత్తరంలోది. మన బతుకులో ఎంత భాగం చెడ్డ పనుల్లో జారిపోతుంది, ఎంత ఏమీ చేయకుండా జారిపోతుంది, చేయాల్సింది వదిలి వేరేది చేస్తూ మొత్తం ఎలా జారిపోతుంది అన్నది. మీ ప్రతిలో చెడ్డ పనులకు "మాక్సిమా" (చాలా ఎక్కువ భాగం), ఖాళీగా ఉండటానికి "మాగ్నా" (ఎక్కువ భాగం) ఉన్నాయి, అచ్చులో తిరగబడి ఉన్నాయి అన్నారు. మీ దగ్గరున్నది 1965 ఆక్స్‌ఫర్డ్ ముద్రణ పాఠం అయి ఉంటుంది. అదే 1917 లోయెబ్ ముద్రణ తెరిస్తే మీ రాతప్రతి పాఠమే అచ్చయి కనిపిస్తుంది! ఇద్దరు సంపాదకులు రెండు దారులు పట్టారు. మాగ్నా, మాక్సిమా, మొత్తం అని మెట్లు మెట్లుగా ఎక్కే వరుస సెనెకా చేతివాటానికి తగినది కాబట్టి నేను ఆక్స్‌ఫర్డ్ వైపే. కానీ మీ లేఖకుడు నిద్రపోతూ రాశాడనడానికి ఇది సాక్ష్యం కాదు. తన ముందున్న మాతృకలో, అంటే చూసి రాసుకునే ప్రతిలో, ఏముందో అదే దించాడు.

నిజమైన తప్పులు వేరే చోట ఉంటాయి. అదే ఉత్తరంలో కొంచెం పైన, కాలంలో కొంత మన దగ్గర లాక్కుంటారు, కొంత తెలియకుండా కాజేస్తారు, కొంత దానంతటదే కారిపోతుంది అనే వాక్యం ఉంది. లాటిన్‌లో మూడు ముక్కలూ "క్వైదమ్" అనే మాటతోనే మొదలవుతాయి. రాసేవాడు మొదటి క్వైదమ్ ముక్క రాసి, సిరాలో కలం ముంచి, తిరిగి చూసేసరికి కన్ను మూడో క్వైదమ్ మీద పడితే మధ్య ముక్క ఎగిరిపోతుంది. వాక్యం మాత్రం చక్కగా అర్థమవుతుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. ఇలాంటి చోట్ల మార్జిన్ చూడండి. తర్వాత ఎవరో దిద్ది, వదిలిపోయిన మాటలను చిన్న గుర్తు పెట్టి పక్కన రాసి ఉండొచ్చు. రాసినవాడి సిరా రంగూ దిద్దినవాడి సిరా రంగూ వేరైతే, దిద్దడానికి రెండో ప్రతి ఒకటి వాళ్ల చేతికి వచ్చిందేమో ఆలోచించాలి. నాకు అన్నిటికంటే ఆసక్తి ఉన్నది అక్కడే.

మీరు తప్పులనుకున్నవాటిలో సగం సంక్షిప్తాలు అయి ఉంటాయి. "పి" అక్షరం కాలికి అడ్డగీత ఉంటే "పెర్", పొట్టలోంచి వంకర గీత వెనక్కి వస్తే "ప్రో", నెత్తి మీద గీత ఉంటే "ప్రై". అక్షరం మీద అడ్డగీత ఉంటే సాధారణంగా ఒక "మ్" గానీ "న్" గానీ మింగేశారని. మరో తలనొప్పి: ఐ, యు, ఎన్, ఎమ్ అన్నీ ఒకే రకం నిలువు గీతలతో రాస్తారు. నాలుగైదు గీతలు వరుసగా కనిపిస్తే అర్థాన్ని బట్టి విడదీసుకోవడమే. వారం పది రోజులు రోజూ ఒక పుట అచ్చు పక్కన పెట్టుకుని చదివితే కన్ను అలవాటు పడుతుంది. ఏదో సాఫ్ట్‌వేర్‌తో ఒకేసారి టెక్స్ట్ చేయించుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. పని నడుస్తుంది, కానీ మీకు కావలసిన తేడాలనే అది సర్దేస్తుంది.

నమ్మొచ్చా అంటే, దేనికి? సెనెకా అసలు ఏం రాశాడో తేల్చడానికి అయితే ఒక్క ప్రతిని నమ్మకూడదు, అది 9వ శతాబ్దానిదైనా సరే. పాతది కాబట్టి మంచిది అనే సూత్రం ఈ రంగంలో చాలామందిని ముంచింది. 12వ శతాబ్దపు ప్రతి, ఇప్పుడు లేకుండా పోయిన ఒక మంచి మాతృకను దించినదై ఉండొచ్చు. నా అనుభవంలో భయపడాల్సింది అర్థం తెలియని లేఖకుణ్ణి చూసి కాదు. అతను అర్థంకాని మాటను అర్థంకానట్టే రాస్తాడు, దాన్నుంచి అసలు పాఠం ఊహించొచ్చు. బాగా చదువుకుని, కష్టంగా ఉన్నచోటల్లా తన తెలివితో సులువు చేసేవాడితోనే చిక్కు. అతని పాఠం నున్నగా ఉంటుంది, అతుకు ఎక్కడుందో కనబడదు. వేమన పద్యాల కోసం బ్రౌన్ ప్రతి మీద ప్రతి తెప్పించుకుని పోల్చి చూసినప్పుడు ఆయన ఎదుర్కొన్నదీ ఈ తలనొప్పే.

12వ శతాబ్దంలో ఒక చదువరి చేతికి ఏ సెనెకా అందాడో తెలుసుకోవడానికి అయితే మీ ప్రతిని పూర్తిగా నమ్మొచ్చు, అచ్చు పుస్తకమే దానికి పనికిరాదు.

కాలం గురించి చిన్న పరీక్ష. పుట మీద గీతలు గీసుకుని రాస్తారు కదా, మొదటి పంక్తి అన్నిటికంటే పై గీతకు పైన ఉందా, కింద ఉందా చూడండి. సుమారు 1230 ప్రాంతం నుంచి కింద రాయడం మొదలుపెట్టారు. పైన ఉంటే కేటలాగు చెప్పిన 12వ శతాబ్దానికి అది బలమే. కింద ఉంటే కేటలాగువాళ్లకు ఒక మర్యాదపూర్వకమైన మెయిల్ పెట్టండి, వాళ్లు సంతోషిస్తారు.

చివర్లో అడిగారు, ఇలాంటి ప్రతి ఆకు ఒకటి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనుక్కోవచ్చా అని. నా సలహా, వద్దు. విడి ఆకులన్నీ ఈమధ్య చింపినవే అనను. పాత బైండింగుల అట్టల్లోంచి బయటపడ్డవీ ఉంటాయి, వాటితో పేచీ లేదు. కానీ పుస్తకంగా అమ్మితే వచ్చేదానికంటే విడి ఆకులుగా అమ్మితే ఎక్కువ వస్తుందని నిక్షేపంలాంటి పుస్తకాలను విప్పేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఆకు ఎక్కడిదో, ఎప్పుడు విడిపోయిందో రాతపూర్వకంగా చెప్పలేని అమ్మకందారు దగ్గర ఒక్క రూపాయి పెట్టకండి. ఆ డబ్బుతో లాటిన్ వ్యాకరణం ఒకటి, నిఘంటువు ఒకటి కొనుక్కుంటే 88 ఉత్తరాలూ మీవవుతాయి.

వీలైతే మూడు పుటల స్క్రీన్‌షాట్లు పెట్టండి: మొదటి ఉత్తరం మొదలయ్యే పుట (పెద్ద "ఐ" అక్షరం మార్జిన్ పొడవునా దిగి ఉంటుంది), 88 ముగిసి పాల్ ఉత్తరాలు మొదలయ్యే చోటు, ఏదో ఒక కట్ట చివరి పుట అడుగుభాగం. 88కీ పాల్ ఉత్తరాలకీ మధ్య చేతిరాత మారిందా అన్నది ముఖ్యంగా చూడాలనుంది. మారితే ఆ 14 ఉత్తరాలు తర్వాత ఎవరో వచ్చి, మిగిలిపోయిన ఖాళీ ఆకుల్లో రాసి ఉంటారు. అప్పుడు పైన నేను చెప్పిన మాటల్లో ఒకటి రెండు సవరించుకోవాల్సి వస్తుంది.